నా వీపు, వాళ్ళ యాప్

నా రొమ్ముకు పదికి ఎన్ని మార్కులు వేస్తావని ఒక ఫోను అడిగింది. అడిగింది నన్ను కాదు, మా మరిదిని. అతను మిక్చరు తింటూ, ఆ నూనె వేలితోనే తెర మీది చుక్కను అటూ ఇటూ జరుపుతూ మా ఆయన వైపు చూశాడు. మా ఆయన గొంతు సవరించుకుని పది వెయ్యమన్నాడు. ఇప్పటికీ ఇంట్లోకి మిక్చరు తేనివ్వను.

తమిళనాడులో ఆర్.కె.పేట దగ్గర మాది నేతగాళ్ళ వీధి. అది జరిగిన ఆదివారానికి పది రోజుల ముందు, తిరువళ్ళూరులోని ఒక ఆసుపత్రిలో డాక్టరమ్మ క్యాన్సరు గడ్డ ఉన్న నా కుడి రొమ్ము తీసేయాలని చెప్పింది. తీసేసేటప్పుడే వీపులోంచి కొంత కండ తెచ్చి కొత్త రొమ్ము కట్టవచ్చనీ, వద్దనుకుంటే చదునుగా వదిలేయవచ్చనీ చెప్పింది. మిగతా పద్ధతులు నా ఒంటికి కుదరవట. ఈ రెంటిలో ఏదో తేల్చుకుని రమ్మంది. తేల్చుకోవడానికి ఒక యాప్ ఉందనీ, ప్రశ్నలకు జవాబులిస్తే మనకు ఏది నప్పుతుందో అదే చెబుతుందనీ, తమిళంలో కూడా ఉందనీ అంది. నేను ఎనిమిదో తరగతి దాకా తమిళంలోనే చదివాను కాబట్టి చదువుకోగలననుకున్నాను.

నర్సు నా ఫోనులో దాన్ని ఎక్కించబోతే ఓటీపీ రాలేదు. మొదటిరోజు కౌంటర్లో మా ఆయన తన తమ్ముడి నంబరు ఇచ్చాడు. ఫోన్ల సంగతి బాగా తెలిసింది అతనికే అని మా ఇంట్లో ఒక నమ్మకం. అతను కాట్టుపల్లి హార్బరులో కాంట్రాక్టు పని చేస్తాడు. నా రొమ్ము తాలూకు ఓటీపీ అక్కడికి పోయింది. నర్సు ఎదుటే నేను అతనికి ఫోన్ చేస్తే, "ఆ నంబరు నాకొచ్చినాది వదినా. నువ్వు దాన్ని విడు, ఆదివారం వస్తా గదా, అంతా నేనే ఏసేస్తాను," అన్నాడు. మంచివాడే. ఆ మంచితనం తలుచుకుంటే ఇంకా రోత.

ఆదివారం అన్నదమ్ములిద్దరూ ముందుగదిలో కూర్చున్నారు. నేను వెనకగదిలో మగ్గం గుంటలో ఉన్నాను. మధ్యలో తలుపు కూడా లేదు. ఆసుపత్రికి పోయేలోపు మగ్గం మీదున్న చీర పూర్తి చేయాలి. యాప్ ముందుగా ఫోటోలు చూపించింది. ఆపరేషన్‌కు ముందు, తర్వాత అని వరుసగా తలకాయలు లేని ఆడవాళ్ళు. నేనున్నచోటికి తెర కనిపిస్తూనే ఉంది. మరిది మొదట మొహం తిప్పుకున్నాడు. తర్వాత తిప్పుకోలేదు.

ఒక ప్రశ్న దగ్గర మాత్రం వాళ్ళకు నేను గుర్తొచ్చాను. మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి, నన్ను చూడకుండా చీర అంచు చూస్తూ, "సైజెంతని అడగతా ఉండాది. ఏమేసేది?" అన్నాడు. నేను మగ్గం తాడు ఇంకా గట్టిగా లాగాను. వాళ్ళే ఏదో వేసుకున్నారు.

అన్నీ అయ్యాక తెర మీద గులాబీ రంగు పువ్వొకటి విచ్చుకుంది. అభినందనలు అని వచ్చింది. ఎందుకు అభినందనలో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. వీపు కండతో రొమ్ము కట్టించుకోవడం మీకు బాగా నప్పుతుంది అని రాసి ఉంటే, మరిది తనకే పరీక్షలో ఫస్టు క్లాసు వచ్చినట్టు పైకి చదివాడు. వెంటనే ఒక బొమ్మల వీడియో. పాలమీగడ రంగులో ఒక బొమ్మ ఆడది, ఆపరేషన్ అయిన ఆరు వారాలకు నవ్వుతూ పూలకుండీలకు నీళ్ళు పోస్తోంది. ఊళ్ళో ఎవరికీ తెలియకుండా జరిగిపోతుంది గదా అని మా ఆయన సంబరపడ్డాడు. ఆసుపత్రికి పంపు అనే బటన్ కూడా వాళ్ళే నొక్కేశారు.

నిజం చెప్పాలి. ఆ వీడియో నేనూ అడిగి మళ్ళీ చూశాను. నాకూ ఆశ పుట్టింది. రవికె రెండువైపులా నిండుగా ఉండాలని ఎవరికుండదు? అందులో ఒక ఎర్ర బాణం, భుజం ఎముక కింద మొదలై చంక పక్కగా ముందుకు వచ్చి ఆగుతుంది. ఆ బాణం నా కళ్ళలో ఉండిపోయింది.

మర్నాడు మగ్గం దగ్గర ఆ బాణం నన్ను పట్టుకుంది. మా మగ్గంలో తాడు పైనుంచి వేలాడుతుంది. కుడిచేత్తో దాన్ని కిందికి లాగితే నాడె దారం తీసుకుని ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెడుతుంది. రోజంతా అదే పని. లాగిన ప్రతిసారీ నా వీపులో ఎక్కడ బిగుసుకుంటోందో అప్పుడు గమనించాను. సరిగ్గా బాణం మొదలైన చోటే. ఆ కండ పోతే ఈ చెయ్యి తాడు లాగుతుందా అని ఆ యాప్ అడగలేదు. అన్నదమ్ములిద్దరి చెవుల్లోనూ మగ్గం చప్పుడు పడుతూనే ఉంది, వాళ్ళూ అడగలేదు. మోకాళ్ళు పట్టేసి మా ఆయన గుంటలో దిగి నాలుగేళ్ళయింది. నేను లాగకపోతే ఆ తాడు లాగేవాళ్ళు మా ఇంట్లో లేరు.

మా ఆయనతో తిరుత్తణిలో రైలెక్కి తిరువళ్ళూరులో దిగాను. డాక్టరమ్మ దగ్గర అంతా కక్కేశాను. మగవాళ్ళిద్దరూ నన్నడగకుండా నింపేశారని తమిళంలో గడగడా చెప్పాను. ఆమె కంప్యూటర్ నా వైపు తిప్పింది. ఉద్యోగం: గృహిణి. చేతిపని: తేలిక. చూడండి ఏం రాశారో అన్నాను. ఆమె కాసేపు వెతికి, ఇది వాళ్ళు రాసింది కాదమ్మా, మొదటిరోజు కౌంటర్లో రాసిన కార్డులోంచి యాప్ దానంతటదే తీసుకుంది అంది.

మొదటిరోజు కౌంటర్లో కూర్చున్న పిల్ల ఏం పని చేస్తారని అడిగితే ఇంట్లోనే ఉంటాను అన్నది నేనే. ఎవరూ నా నోరు నొక్కలేదు. మా వీధిలో ఆడవాళ్ళందరం అదే చెబుతాం. నేతగాళ్ళ సొసైటీలో మగ్గం మగవాడి పేరున ఉంటుంది, నేసేది ఎవరైనా నేతగాడు అతనే. రేషన్ కార్డుకైనా, బడిలో పిల్లల ఫారానికైనా మేం ఇంట్లోనే ఉంటాం. అంతవరకూ వాళ్ళ మీదున్న అసహ్యమంతా అక్కడ నా మీదికి తిరిగింది. కుర్చీలో కూర్చోలేకపోయాను.

లేచి నిలబడి గాలిలో తాడు లాగి చూపించాను. డాక్టరమ్మ నా వెనక్కి వచ్చి భుజం కింద అరచెయ్యి ఆనించి, మళ్ళీ లాగమంది. మళ్ళీ లాగాను. ఆమె చెయ్యి కింద కండ లేచింది. మేం తీసేది దీన్నే అంది. ఇంట్లో మగ్గం నేసేది ఎవరని అడిగింది. మగ్గం నా పేరున ఉంది మేడం, ఈమె సాయం చేస్తుంది అన్నాడు మా ఆయన.

"మగ్గం నీ పేర్నే ఉండనీ మామా," అన్నాను. "ఈ వీపు నా పేర్న ఉండాది."

ఆ గదిలోనే కూర్చుని, డాక్టరమ్మ కంప్యూటర్లో ప్రశ్నలన్నీ మొదటినుంచీ నేనే నింపాను. ఉద్యోగాల జాబితాలో నేత లేదు, ఇతరములు నొక్కాను. రొమ్ము మీకెంత ముఖ్యం అనే మార్కుల దగ్గర చుక్కను నాలుగు దాకా తెచ్చి ఆపాను. సున్నా వేస్తే అబద్ధమవుతుంది. చదునుగానే చేయమని సంతకం పెట్టాను.

ఆపరేషన్ అయిన ఏడో నెల నుంచి మళ్ళీ గుంటలో దిగుతున్నాను. చెయ్యి మొదట్లో సగం దాకే లేచేది, ఇప్పుడు తాడు అందుతుంది. రవికె కుడివైపు వదులుగా ఉంటుంది. పెళ్ళిళ్ళలో మా ఆయన నిండుగా ఉన్న ఎడమవైపే నడుస్తాడు. చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మరిది ఫోనుకు ఆ యాప్ ఇంకా వారం వారం కబురు పంపుతుంది, తేలికైన ఇంటిపనులు చేస్తున్నారా అని. అతను దాన్ని దండం బొమ్మ పెట్టి నాకు పంపుతాడు.

మొన్న పరీక్షలకు పోతే పాత కార్డు నిండిపోయిందని కౌంటర్లో కొత్తది ఇచ్చారు. హౌస్ వైఫే గదా అని అడుగుతూనే ఆ పిల్ల టైపు చేయబోయింది. మా ఆయన నోరు తెరిచాడు. నేనే ముందు చెప్పాను, నేత అని. ఎన్నేళ్ళుగా చేస్తున్నారని అడిగింది. ఆ మాట నన్ను ఎవరూ అడిగి ఎరగరు. వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. ముప్పై ఒకటి అన్నాను.