పైకి చూడొద్దన్నాను

నా ఉద్యోగం పేరు వింటే గొప్పగా ఉంటుంది. దగ్గరికొచ్చి చూస్తే గొర్రెలు కాయడమే. డ్రోన్‌కు రెండు కెమెరాలుంటాయి. ఒకటి రంగును చూస్తుంది, ఇంకొకటి వేడిని చూస్తుంది. ఆ రెండు బొమ్మల్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి, కింద కదిలేది మనిషో పశువో పోల్చి, అది ఎటుపోతే అటు వెంటపోవడం మిషన్‌కు నేర్పాలి. అది తప్పు పోల్చిన చోట నేను దిద్దాలి. గొర్రెల కాపరి బిడ్డ చదివిన చదువంతా తిరిగి తిరిగి మందకే చేరింది.

నేర్పడానికి నిజమైన మంద కావాలన్నారు ఆఫీసులో. నకిరేకల్ అవతల గుట్ట మీద మా బాపు మంద ఉంది కదా అన్నాను. చలికాలం, పొద్దున్నే వెళ్లాం. బాపు గొంగడిని నెత్తి మీదుగా కప్పుకుని, కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అది పైన తిరిగేటప్పుడు దాని దిక్కు సూడకు బాపు," అన్నాను.

"సూస్తే ఏమైతది?"

"బొమ్మ ఖరాబైతది."

ఖరాబేమీ కాదు. మనుషులు ఆగి ఆకాశం చూస్తే నడక సహజంగా ఉండదని మా వాళ్ల నియమం. అంత విడమర్చి చెప్పే ఓపిక లేక అట్లా అనేశాను.

ఆయన మందలో నలభై ఒక్క నల్ల గొర్రెలు. బండ మీద పెట్టుకున్న నా ల్యాప్‌టాప్‌లో నలభై రెండని వచ్చింది. ఆ ఉన్ని గొంగడిది రంగు కెమెరాకు గొర్రె నలుపే. వేడి కెమెరాకు ఉన్ని కింది ఒళ్లు, గొర్రెదైనా మనిషిదైనా, వెచ్చగా కనబడదు. రెండు కెమెరాలూ కూడబలుక్కుని బాపును గొర్రె అన్నాయి. నవ్వాపుకోలేక ఆయనకు చెప్పాను. తలెత్తకుండానే జవాబిచ్చాడు.

"లెక్క తప్పలేదు బిడ్డా. నన్ను ఇడిసిపెట్టి మందను ఎట్ల లెక్కబెడ్తది?"

ఆఫీసుకొచ్చి 'గొర్రె' కొట్టేసి 'మనిషి' అని దిద్దాను. ఇప్పుడు మిషన్ గొంగడి కప్పుకున్న మనిషిని ఎక్కడున్నా పోల్చుకుంటుంది. బాపు పోయి రెండేళ్లయింది. మందను అమ్మేశాం.

నాకు బాపు ముఖం చూడాలని ఉంటుంది. ఫొటోలు లేవని కాదు. ఆధార్ కార్డు మీద బెదిరిన ముఖం ఉంది, పెండ్లి ఆల్బముల్లో బిగుసుకుపోయిన ముఖం ఉంది. మంద దగ్గరి ముఖం ఒక్కటీ లేదు. అందుకే ఆ రోజు వీడియోను ఎన్నిసార్లు వెతికానో. రంగు బొమ్మలో గొంగడి నలుపే. వేడి బొమ్మలో కర్ర దగ్గర చిన్న తెల్ల చుక్క. అది ఆయన చెయ్యి. ఊళ్లో ఎవరి మాటా వినని మనిషి, నా మాట ఒక్కటి మాత్రం మొదటినుంచి చివరిదాకా విన్నాడు. ఒక్కసారి కూడా తలెత్తలేదు. ఒక్కసారి మాట తప్పి ఉంటే ఏం పోయేది బాపూ అని తెర ముందు కూర్చుని తిట్టుకుంటాను.

ఆ పొద్దు బ్యాటరీ అయిపోవస్తోందని డ్రోన్‌ను దింపాను. కెమెరాలు ఆపి పెట్టెలో సర్దుతుంటే వెనక నుంచి అడిగాడు.

"ఇగ పైకి సూడొచ్చునా బిడ్డా?"

"సూడు బాపు," అన్నాను పెట్టె మూస్తూ.

చూసే ఉంటాడు. నేనే వెనక్కి తిరగలేదు.