పడితో కొలిచిన వాన

తొలి వానకు నల్లరేగడి తడిసిన వాసన వంటింటి దాకా వచ్చిందంటే చాలు, ఇప్పటికీ నా చెయ్యి అటక మీదికి, మా తాత ధాన్యం కొలిచిన ఇత్తడి పడి మీదికి పోతుంది. దాని అడుగు సొట్టపోయింది, అంచు అరిగింది. నా చదువును ఐదో తరగతిలో ఆపేసింది అదే గనక మా ఇద్దరికీ పాత పగ ఉంది.

మా ఊరు కోవిల్‌పట్టికి నడక దూరం. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. పొద్దున్నే సజ్జ సంగటి మింగి, దారిలో ఎవరి చేలోనో పచ్చి వేరుశనగ పెరుక్కుని, మట్టి చేతులతో, గంట కొట్టాక నింపాదిగా బడికి చేరేవాణ్ణి. పాఠం వాద్యారుది, నవ్వించడం నాది. ఆ ఏడు విరుదునగర్ నుంచి కొత్త వాద్యారు వచ్చాడు, మబ్బున్నా లేకున్నా గొడుగు వదలని మనిషి. పెరట్లో నిలువు గోడల రేకు డబ్బా ఒకటి పెట్టించి, బోర్డు మూలన ‘నిన్నటి వాన’ అని రాసి, రోజూ స్కేలు ముంచి చూసి చెప్పే పని, ఆ కాసేపైనా నోరు మూసుకుంటాననేమో, నాకు అప్పగించాడు.

ఆ ఏడు మొదట్లో వానే లేదు. నెల పాటు “సున్నా సార్” అని అరిచి విసిగిపోయి, ఒకరోజు “నిన్నటి సున్నాయే సార్, కొంచెం మాసింది” అన్నాను. తరగతంతా పడీపడీ నవ్వింది. ఆయన నవ్వలేదు.

“సున్నా కూడా రాయాలిరా. ఇరవై ఏళ్లు విడవకుండా రాసినవాడు, విత్తనం ఎప్పుడు వెయ్యాలో మీ తాతకు చెప్పగలడు.”

అంతకు ముందు ఏడు తాత రెండుసార్లు పత్తి విత్తాడు, రెండుసార్లూ మాడిపోయింది. గట్టు మీద కూర్చుని ఉత్త మట్టిని వేళ్లతో కెలుకుతున్న ఆయన్ను నేను చూశాను. ఆ ఇరవై ఏళ్లూ నేనే రాస్తాననుకున్నాను. ఎగతాళి లేకుండా నేను అనుకున్న మాట అదొక్కటే.

దీపావళి వచ్చే ఐప్పసి నెలలో, బడి లేని రోజున, వాన దంచింది. ఇంట్లో డబ్బా లేదు, నిలువు గోడలున్నది తాత పడి ఒక్కటే. దాన్ని వాకిట్లో పెట్టి, వాన వెలిశాక పుల్ల ముంచి, అరుగు మీదున్న బంధువులందరికీ వినబడేట్టు “ఒకటి! రెండు! రెండున్నర అంగుళాలు!” అని అరిచాను.

కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మావాళ్లు మొదటి పడిని ఒకటి అనరు, లాభం అంటారు. అవ్వ నోరు నొక్కుకుంది. మర్నాటి నుంచి మబ్బు జాడ లేదు. ఆ తడికి విత్తగా మొలిచిన పత్తి తల వాల్చింది.

“లాభం అనకుండా వాననే కొలిచినాడే! ఇంక పళ్లికూడం వద్దు, ఏమీ వద్దు, ఎద్దులు తోలనీ వీణ్ణి” అన్నాడు తాత.

వారం తర్వాత వాద్యారు మండుటెండలో గొడుగేసుకుని నడిచొచ్చాడు. “పెద్దాయనా, కొలిస్తే వాన ఆగదు. నా తరగతిలో ఈ పనిని నమ్మింది మీవాడొక్కడే. పంపించండి.”

“ఆగదని నువ్వు కొలిచి చూస్తివా, అయ్యవారూ?”

అరుగంతా గొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది నేనే. మంచి వేళాకోళం వింటే ఆగే నోరు కాదు నాది. వాద్యారు నావైపు ఒకసారి చూసి, గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

రెండేళ్లకు పత్తి బండి తోలుకుని విరుదునగర్ పోతే, ఒక బడి పెరట్లో రేకు డబ్బా కనబడింది. లోపల ఆయన గొంతే. “నిన్నటి వాన ఎంత?” ఎవడో పిల్లాడు “సున్నా సార్!” అన్నాడు, బుద్ధిగా. దిగాలనుకున్నాను. ఏ ముఖం పెట్టుకుని దిగను? ఎద్దుల్ని అదిలించాను.

తాత పోయిన ఏడు, రోజూ వాన రాయడానికి నోటుపుస్తకం కొన్నాను. ఇరవై ఏళ్లు ఎప్పుడో దాటాయి. ఇప్పుడు కళ్లాలు లేవు, మా చేల్లో అగ్గిపెట్టెల షెడ్లు లేచాయి, మనవలకు పడి అంటే పూలు పెట్టుకునే కుండీ. విత్తనం ఎప్పుడు వెయ్యాలో నన్నడిగితే వారంతో సహా చెప్పగలను. విత్తేవాడేడీ?

ఇవాళ పొద్దున వాన వెలిశాక పడిలో పుల్ల ముంచాను. అరుగు మీద ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించి, మొదటి అంగుళాన్ని లాభం అన్నాను.