దిష్టి బొమ్మ నడిచొచ్చిన రోజు

జనగామ నుంచి భూపాలపల్లి దాకా మీరు ఏ ఊరి మీదుగా వెళ్లినా సరే, సగం కట్టిన ఇళ్లకేసి మాత్రం తలెత్తి చూడకండి. చూసి ఉలిక్కిపడితే తర్వాత నన్ను అనొద్దు. ఎందుకు చూడొద్దంటున్నానో మెల్లగా చెప్తాను. ముందు మా అక్క ఇంటి స్లాబు ఆగిపోయి, ఇరవైమంది కూలీలు తలో దిక్కూ పరుగెత్తి, నేను ఇసుక కుప్పలో తేలిన సంగతి చెప్పాలి. దానికంతటికీ కారణం ఒక వీడియో గేమ్. ఆ గేమ్‌కి కారణం నేను. కాబట్టి తిట్టదలచుకున్నవాళ్లు మనిషి కోసం వెతుక్కోనక్కర్లేదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, తెలివి మాత్రం ఒళ్లంతా పొంగి పొర్లుతోందని నా గట్టి నమ్మకం. అక్కాబావల దగ్గర ఉండేవాణ్ణి. నా దోస్తు అజ్జు వాళ్ల నాన్నకి జనగామలో ఫోటో స్టూడియో ఉంది. దాని వెనక గదిలో కూర్చుని మేమిద్దరం ఒక గేమ్ తయారు చేస్తున్నాం. వెంట్రుకలు కూడా లెక్కపెట్టగలిగే ఇప్పటి గేముల్లాంటిది కాదు. చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడుకున్న పాత గేముల తీరు: మొహాలు నలుచదరంగా, గోడలు వణుకుతూ, అంతా మసకమసకగా ఉంటుంది. కథ పాతకాలపు స్లాషర్ సినిమాల వరస. ముసుగు వేసుకున్నవాడొకడు కత్తి పట్టుకుని కుర్రకారుని ఒక్కొక్కరినే చంపుకుంటూ వస్తాడు. మిగిలిన ఒక్కడూ ప్రాణాలతో బయటపడాలి. మాది జనగామ కదా, అందుకని హంతకుణ్ణి మూతపడిన పత్తి మిల్లులో పెట్టాం.

ఆ మిల్లు నేలంతా మోకాలి లోతు దూది. దూదిలో నడిస్తే అడుగుల చప్పుడు రాదు. హంతకుడు పరుగెత్తడు, అరవడు. మీరు చూస్తున్నంతసేపూ కదలడు కూడా, గుమ్మంలో ఊరికే నిలబడి ఉంటాడు. మీరు చూపు పక్కకి తిప్పి మళ్లీ చూస్తే ఒక గుమ్మం ఇవతలికి వచ్చి ఉంటాడు. ఈ నియమం రాసిన మహానుభావుణ్ణి నేనే. రాసిన రోజు నుంచి, పట్టపగలు స్నానం చేసేటప్పుడు కూడా, సబ్బు మొహానికి పెట్టుకోవడం మానేశాను. కళ్లు మూసుకోవాలి కదా మరి!

అన్నీ కుదిరాయి గానీ వాడి మొహం కుదరలేదు.

"ఇదేం హంతకుడు రా? ఇడ్లీకి కండ్లు పెట్టినట్టున్నది," అన్నాను అజ్జు గీసిన ముసుగు చూసి.

"నువ్ గీసినోడు పెండ్లికొడుకు లెక్క నవ్వుతుండు గద యార్. వాన్ని చూసి ఎవడు ఉరుకుతడు?"

"గీస్తె కాదు రా. అసలు మొఖం గావాలె. ఫోటో దీసి అతికియ్యాలె. పాత గేములల్ల గట్లనే చేసేటోళ్లు."

"గంత భయం బుట్టించే మొఖం యాడ దొరుకుతది?"

సరిగ్గా అప్పుడే నాకు దిష్టి బొమ్మ గుర్తొచ్చింది. నా ఖర్మ కాకపోతే ఆ క్షణంలో కరెంటైనా పోవద్దా!

అక్క ఇల్లు కడుతోంది. నాలుగేళ్లుగా రేకుల గదిలో అద్దెకుండి జాకెట్లు కుట్టింది. ఎండాకాలం మిషను ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది, వానాకాలం మిషను చుట్టూ గిన్నెలు పెట్టుకుని కుట్టేది. ఆదివారం స్లాబు. మేస్త్రి ఎల్లయ్య తరిగొప్పుల మనిషి. సోమవారం నుంచి భూపాలపల్లిలో ఇంకో ఇంటికి ఒప్పుకున్నాడు. ఆదివారం స్లాబు పడకపోతే అతను మళ్లీ ఎప్పుడొస్తాడో దేవుడికే తెలియాలి.

ఈ ఎల్లయ్య ఏ ఇల్లు మొదలుపెట్టినా తన దిష్టి బొమ్మ తనే తెచ్చుకుంటాడు. రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి వాళ్ల నాయన చేసిన, వెనక బోలుగా ఉండే మొహం. నల్లటి చెంపలు, ఎర్రటి గుడ్లు, తెరిచిన నోరు, అరిగిపోయిన కోరలు. ఎన్ని వానలకు తడిసిందో, ఎన్ని ఎండలకు పగిలిందో, మనిషి చర్మంలాగే ముడతలు పడింది. అక్క ఇంటి ముందు పిల్లరు ఊచకీ దాన్నే వైరుతో కట్టాడు.

శనివారం మధ్యాహ్నం కూలీలు అన్నాలకి పోయిన సమయం చూసి పైకెక్కాను. మబ్బు పట్టి, గాలి ఆగిపోయి ఉంది. వైరు విప్పుతుంటే అది నా వంకే చూస్తున్నట్టనిపించింది. "సాయంత్రానికల్లా తెచ్చి పెట్టేస్తా," అని దానికే చెప్పి గోనెసంచిలో వేసుకున్నాను. బొమ్మకు సంజాయిషీ చెప్పిన మొదటి దొంగని నేనే అయివుంటాను.

స్టూడియోలో దాన్ని స్టూలు మీద పెట్టి లైట్లన్నీ వేశాం. అజ్జు ముందు నుంచి తీశాడు, ఎడమ నుంచి తీశాడు, కుడి నుంచి తీశాడు. తీసినవన్నీ చూసుకుంటూ గొంతు తగ్గించాడు.

"అరె, పక్కకు తిప్పి దీసినా గూడ మనల్నే చూస్తుంది యార్."

"రంగు గట్ల వేసిన్రు, అంతే. ముందు అతికియ్యి."

ఇక చాల్లే అని బొమ్మని గోడవైపు తిప్పి కూర్చోబెట్టాం. ఆ ఫోటోని చిన్నగా, గరుకుగా చేసి హంతకుడి తలకి అతికించాం. చప్పుడు సరిగా వినాలని ఫ్యాను ఆపాం. ఆట మొదలుపెట్టాను. దూది, మసక, దూరంగా గుమ్మంలో వాడు. ఆ మొహం తెర మీద సన్నగా వణుకుతోంది, ఊపిరి తీస్తున్నట్టు. చూపు తిప్పాను. మళ్లీ చూశాను. దగ్గరికొచ్చాడు. మళ్లీ తిప్పాను. ఈసారి తెర నిండా వాడే. నా వీపు మీద ఎవరో చల్లటి చెయ్యి పెట్టినట్టయి గిరుక్కున వెనక్కి తిరిగాను.

స్టూలు మీది బొమ్మ మాకేసి తిరిగి ఉంది.

"నువ్ తిప్పినవా?" అన్నాను.

"నేనెందుకు తిప్పుత? నీ పక్కనే గద ఉన్న!"

ఫ్యాను గాలికి తిరిగి ఉంటుందని ఇద్దరం ఒప్పుకున్నాం. ఫ్యాను ఆపి ఉందన్న మాట ఇద్దరం ఎత్తలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చి షట్టరు దించేశాం. బొమ్మని ముట్టుకునే ధైర్యం ఇద్దరికీ లేదు. పొద్దున్నే పట్టుకెళ్లి పెట్టేస్తే ఎవరు చూస్తార్లే అనుకున్నాను.

పొద్దున్నే అందరూ చూశారు. నేను పళ్లు తోముకునేసరికే కాంక్రీటు కలిపే మిల్లరు వచ్చింది, కూలీలు వచ్చారు, అక్క కొబ్బరికాయ పట్టుకుని నిలబడింది. పైన మబ్బులు కాటుకలాగా ఉన్నాయి. ఎల్లయ్య మేస్త్రి తలెత్తి పిల్లరుకేసి చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు.

"బొమ్మ ఏది?"

కూలీలు ఎత్తిన తట్టలు కింద పెట్టేశారు.

"చెల్లె, బొమ్మ లేంది నా మనుషులు పైకెక్కరు. ఒక్కపారి మర్సిపోయి ఎక్కించిన. మా తమ్ముడు కింద వడి కాలిరిగింది. ఇప్పటికీ కుంటుతనే ఉన్నడు."

"అన్నా, గట్లనకే. వానొచ్చేటట్టుంది. రేపు నువ్ భూపాలపల్లికి పోతివంటె నా ఇల్లు గిట్లనే ఉంటది," అంది అక్క.

మనిషి పుట్టుక పుట్టినవాడైతే అప్పుడే నిజం చెప్పేవాడు. నేను గొంతు సవరించుకుని, "కోతి ఎత్తుకపోయిందేమో," అన్నాను.

మేస్త్రి మొహం ఇంకా నల్లబడింది. "కోతా? నువ్ జూసినవా?"

"చూసినట్టే... ఉన్న."

"ఎటు వొయింది?"

"అటు," అని ఏదో దిక్కు చూపించాను. కూలీల్లో సగంమంది కర్రలు పట్టుకుని అటు బయల్దేరారు. బావ వేపచెట్టు కింద నిలబడి, "ఓ కోతీ, బొమ్మ ఇడ్సిపెట్టే," అని కొమ్మలకేసి బతిమాలుతున్నాడు. నేను గోడ చాటుకి పోయి అజ్జుకి ఫోను చేశాను.

"జల్ది బొమ్మ పట్టుకరా. అక్క ఇల్లు ఆగిపోయింది రా!"

"కండ్లు మూస్కొని సంచిల ఏస్కొని తెస్త గని, మల్ల బయటికి నేన్ దియ్య. నువ్వే దీసుకోవాలె."

పది నిమిషాల్లో వెనక సందులోకి వచ్చి సంచి నా చేతిలో పడేశాడు. వంటింటి కిటికీ కంతలోంచి లోపలికి దూరి, నిచ్చెన ఎక్కి, ఊచకి బొమ్మ కట్టేసి, "అగో, ఉండనే ఉన్నది గదా," అనాలని నా పన్నాగం.

స్లాబుకి ముందు ఇంటి లోపలికి ఎప్పుడైనా వెళ్లారా? పైన చెక్కలు పరిచి, వాటి కింద నేలంతా కర్రలు నిలబెడతారు. అడుగుకొక కర్ర. తిన్నగా నడవలేం, తిన్నగా చూడలేం. బయట పొద్దెక్కినా లోపల మునిమాపే. కాళ్ల కింద మెత్తటి ఇసుక. నాలుగడుగులు వేశాక తెలిసింది, నా అడుగుల చప్పుడు నాకే వినపడ్డం లేదు.

నిచ్చెన ఎక్కాలంటే రెండు చేతులూ కావాలి. అందుకని ఏం చేశానో చెప్తే నా మీద మీకున్న కాస్త మర్యాదా పోతుంది. బొమ్మని మొహానికి తొడుక్కుని, వైరు తల వెనక మెలేశాను. దాని నోటి కంతలోంచి చూస్తూ నడిచాను. లోపల తడి మట్టి వాసన, నా ఊపిరే నా చెవుల్లో ఇంకెవరిదో ఊపిరిలా వినిపిస్తోంది.

ఎదురుగా లోపలి గది గుమ్మంలో ఎవరో నిలబడి ఉన్నారు.

మొహానికి తువ్వాల చుట్టుకుని ఉన్నాడు. చేతిలో ఇనప ఊచ. కదలడం లేదు. నేనూ ఆగాను. నిచ్చెన ఎక్కడుందా అని ఒక్కసారి పక్కకి చూశాను. మళ్లీ చూసేసరికి వాడు రెండు కర్రల వరసలు ఇవతలికొచ్చి ఉన్నాడు. చప్పుడు లేదు. నేను రాసిన నియమం నా మీదికే నడిచొస్తోంది! చూపు తిప్పకూడదని ఒట్టేసుకున్నాను. సరిగ్గా అప్పుడే కంట్లో సిమెంటు పడింది. కళ్లు మూసి తెరిచేలోగా వాడు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాడు.

నేను పెట్టిన కేకకి పావురాలు లేచాయి. వాడు అంతకన్నా పెద్ద కేక పెట్టాడు. వెనక్కి తిరిగి పరుగెత్తబోతే బొమ్మ ఒక కర్రకి కొట్టుకుని, గిర్రున తిరిగి నా తల వెనక్కి పోయింది.

వాడెవడో కాదు, మన ఎల్లయ్య మేస్త్రే. కర్రలు గట్టిగా ఉన్నాయో లేదో ఊచతో కొట్టి చూద్దామని లోపలికొచ్చాడట. కోతి ఎత్తుకుపోయిన బొమ్మ కాళ్లూ చేతులూ మొలిచి, ప్యాంటు వేసుకుని ఎదురుగా నిలబడింది. "చూస్తె ఆగుతుంది, చూడకపోతె కదులుతుంది," అని ఆయనకీ సరిగ్గా నాలాగే అనిపించిందట. బయటికి పోయే ముందు గుమ్మం నా వెనకే ఉండడంతో, నేను చూడనప్పుడల్లా మెల్లగా జరుగుతూ వచ్చాడు. తీరా నేను పరుగెత్తుతుంటే, మనిషి అటు పోతున్నాడు, మొహం మాత్రం ఇటే చూస్తోంది! దయ్యాలకి పాదాలు వెనక్కి ఉంటాయని విన్నాడు గానీ మొహం ఉంటుందని ఆయనకెవరూ చెప్పలేదు.

నేను ముందు గుమ్మంలోంచి బయటపడ్డాను. ముందు ఒక మొహం అరుస్తోంది, వెనక ఒక మొహం కోరలు చూపిస్తోంది. కూలీలు పారలు, తట్టలు వదిలేసి పరుగో పరుగు. బావ నిజంగానే వేపచెట్టెక్కాడు. నేను ఇసుక కుప్పలో బోర్లా పడ్డాను. తల వెనక ఫట్‌మని చప్పుడైంది. బొమ్మ రెండు ముక్కలైంది.

అక్క కదల్లేదు. దగ్గరికొచ్చి నన్ను చూసింది, ముక్కల్ని చూసింది.

"నువ్వే తీసినవా తమ్మి?"

"ఆటకోసం అక్కా... ఫోటో కోసం..."

"నా ఇల్లు ఆటనారా నీకు?" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఇసుకలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను.

ఎల్లయ్య మేస్త్రి ముక్కల్ని ఏరి, తువ్వాలతో ఇసుక తుడిచాడు. "మా నాయన చేతి పని పిలగా," అని మాత్రం అన్నాడు. ఆ మాటకి నాకు భూమిలోకి పోవాలనిపించింది.

అంతలో అజ్జు చేతిలోని ఫోను నా కేకే మళ్లీ పెట్టింది. వెధవ, సందు తిరిగి ముందుకొచ్చి, నేను బయటపడేటప్పుడు వీడియో తీశాడు! "గేముల పారిపోయెటోనికి మొఖం గావాలె గద యార్," అంటున్నాడు. మేస్త్రి ఫోను లాక్కుని చూశాడు. మళ్లీ చూశాడు. ఆయన మీసం కదిలింది.

"గిక్కడ ఆపు. గీ మొఖం." కూలీలందరూ మూగారు. "మా నాయన బొమ్మ గూడ గింత ఘోరంగ లేదురా! దీన్ని చూస్తె దిష్టేంది, యముడే వాపస్ పోతడు."

ఒకడు పకపకా నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. ఆఖరికి అక్క కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

"పిలగా, పైకెక్కి ఆ పిల్లరుకాడ నిలబడు. నోరు గట్లనే తెరువు. స్లాబు అయ్యేదాక దిగినవో, ఊచతోని కొడత."

ఎక్కాను. కూలీలు నా వెనకే ఎక్కారు. సాయంత్రం దాకా నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఈగలు వచ్చి పోయాయి. వాన కూడా నన్ను చూసి జడిసిందేమో, మర్నాటి దాకా రాలేదు. ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. అక్క ఇంటికి స్లాబు పడింది.

మా గేమ్ ఆడినవాళ్లు హంతకుడి కన్నా పారిపోయేవాడి మొహమే భయంకరంగా ఉందన్నారు. మేస్త్రికి ఆ సంగతి ముందే తెలుసు. నాయన చేసిన బొమ్మని అతికించి ఇంట్లో దాచుకుని, నా మొహాన్ని ఫ్లెక్సీ కొట్టించాడు. భూపాలపల్లిలో నేను వేలాడాను. టేకుమట్లలో వేలాడాను. ఎక్కడా ఎవరూ కింద పడలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లకి మహబూబాబాద్‌లో పెళ్లిచూపులకి వెళ్లాం. అమ్మాయి టీ ఇస్తూ నా మొహంలోకి తేరిపార చూసింది. ఆహా, నచ్చానన్నమాట అనుకుని తల దువ్వుకున్నాను.

"మిమ్ముల మూడు నెల్ల సంది రోజు చూస్తున్న," అంది.

"ఎక్కడ?"

"మా ఎదురింటి మీద."

అక్కకి టీ పొలమారింది. నేను లేవబోయాను.

"కూసోండ్రి," అంది ఆ అమ్మాయి. "మొదాలు శాన భయమైంది. ఇప్పుడు అలవాటైంది. నోరు మూస్కుంటె జర నయమే ఉన్నరు."

పెళ్లయింది. ఆమె చెప్పినట్టే ఇంట్లో నోరు మూసుకునే ఉంటున్నాను. వచ్చే నెల మా ఇంటి స్లాబు. మేస్త్రి ఎల్లయ్యే. ముందు పిల్లరుకి నా మొహం ఫ్లెక్సీ అప్పుడే కట్టేశాడు. అందుకని మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను: సూర్యచంద్రుల సాక్షిగా, మా అక్క కుట్టుమిషను సాక్షిగా, ఈ జన్మలో ఏ ఇంటి మీది దిష్టి బొమ్మనీ నా చేత్తో దింపను. ఇప్పుడు దింపాలన్నా కింద నుంచి మా ఆవిడ ఒప్పుకోదు. "ఉండనియ్యి, ఆ మొఖమన్న పనికొస్తుంది," అంటుంది.