చెప్పుల్లేని పరీక్ష

మైపాడు ఒడ్డున ఆ ఉదయం ఉన్నవి: దుంగల మీద నిలబెట్టిన ఫైబర్ పడవ, జారకుండా వేసే పెయింటు డబ్బాలు రెండు, రోలర్లు రెండు, గరుకు కాగితం, పెన్నా ఇసుక ఒక బస్తా, అత్త పిండి జల్లెడ. ఉన్నవాళ్ళు: మామ, అత్త, నేను.

పోయిన ఏడాది వల లాగుతూ ఆ పడవ డెక్కు మీదే జారి, మామ తుంటి దెబ్బతో మూడు నెలలు మంచంలో ఉన్నాడు. చేపల వేట నిషేధం ఇంకో ఆరు రోజుల్లో ముగుస్తుంది. డెక్కు జారదని తన కళ్ళతో చూస్తే తప్ప మామను సముద్రం మీదికి పంపనని అత్త తేల్చి చెప్పింది. మెకానికల్ చదివిన మేనల్లుణ్ణి కాబట్టి పని నాకు వచ్చింది. చేతులు ఒకటే దురద, తెల్లవారకముందే వచ్చేశాను.

"సముద్రం ఒడ్డునే ఉండి ఇసక కొనుక్కొచ్చినోణ్ణి నిన్నే చూసినా అబ్బయా," అన్నాడు మామ.

"ఈ ఇసకలో ఉప్పుంటది మామా. పెయింటు లేచిపోద్ది."

"మరి జల్లెడెందుకు?"

"గింజలన్నీ ఒకే సైజుండాల."

"మీ అత్త మురుకులు గూడా ఇంత జాగ్రత్తగా చెయ్యదు."

"ముందు నాకు వేరే జల్లెడ కొనియ్యండి, తర్వాత మాట్లాడండి," అంది అత్త.

డెక్కు గీకి, కడిగి, ఆరబెట్టాం. తడి పెయింటు మీద ఇసుక చల్లాను. ఎండాక అంటుకోని ఇసుకను ఊడ్చి రెండో పూత వేశాను. వల లాగే అంచు వెంట జానెడు మాత్రం నునుపుగా వదలమన్నాడు మామ. గరుకుంటే వల చినుగుతుందట. నేను పని వివరాలు రాసుకొచ్చిన కాగితంలో అది లేదు.

మూడో రోజు బకెట్టు నీళ్ళు పోసి అటూ ఇటూ నడిచాను. జారలేదు. ఆనందం పట్టలేక ఎగిరి కూడా చూపించాను.

"చెప్పులతో పడవెక్కినావా? దిగు ముందు," అంది అత్త.

నిజమే. ఇక్కడ ఎవరూ చెప్పులతో పడవ ఎక్కరు. వేటంతా ఒట్టి కాళ్ళతోనే. నేను పరీక్షించింది నా చెప్పుల్ని.

అత్త చేపలు కడిగిన నీళ్ళు, ఆ జిగురుతో సహా, డెక్కంతా కుమ్మరించింది. "ఇప్పుడు నడవండి," అంది మామతో.

మామ లుంగీ ఎగగట్టి, పోయిన ఏడాది పడిన చోటే మొదటి అడుగు వేశాడు. ఆ చివరి దాకా వెళ్ళి, తిరిగి వచ్చాడు.

అత్త ఒడ్డు మీది వల ఎత్తుకొచ్చి పడవలో వేసింది.

నేను లెక్కపెట్టాను. పోను పదకొండు, రాను పదకొండు. మొత్తం ఇరవై రెండు అడుగులు.