గీతకు నూలువాసి బయట

రాయగడలో తెలుగువాళ్ల ఇళ్లలో పాత తలుపేదైనా వానలకు బిగుసుకోకుండా, ఎండలకు వదులవకుండా నిలబడి ఉంటే, ఆ ఇంటి పెద్దవాళ్లు ఒక మాట చెబుతారు: బెజ్జం గురువులుది, కుసి వరహాలుది అని. నిలువు చెక్కలో ఈ అంచు నుంచి ఆ అంచుకు తొలిచే కన్నం బెజ్జం. అందులో దూరేటట్టు అడ్డచెక్క చివర కోసే నాలుక కుసి. ఏ వడ్రంగి అయినా ఈ రెండూ తనే చేసుకుంటాడు. ఈ అన్నదమ్ములు మాత్రం పంచుకున్నారు.

ఆ పంపకం వాళ్ల నాన్న చేసింది. ఆయన బొబ్బిలి పక్క పల్లె నుంచి జేకేపూర్‌లో కాగితం మిల్లు కాలనీ ఇళ్లకు తలుపులూ కిటికీలూ బిగించే పనికని వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. పెద్దకొడుకు గురువులుకు భుజాలు గట్టివి కాబట్టి ఉలీ, కొయ్యసుత్తీ చేతికిచ్చాడు. అందరూ వరహాలు అనే చిన్నవాడు వరాహనరసింహానికి పుట్టినప్పటి నుంచీ ఆయాసం. వాడికి సన్నరంపం ఇచ్చి చూరు నీడలో కూర్చోబెట్టాడు. నాన్న పోయాక కూడా ఆ చోట్లు మారలేదు. ఇద్దరికీ తలలు నెరిసినా పెద్దవాడు ఎండలోనే, చిన్నవాడు నీడలోనే.

గురువులు బెజ్జం కొట్టి లేవగానే వరహాలు వచ్చేవాడు. అందులో చిటికెన వేలు పెట్టి, లోపలి గోడల్ని తడిమి, సరే అన్నయ్యా అని వెళ్లి రంపం అందుకునేవాడు. టేపు ముట్టుకునేవాడు కాదు. బిగించేటప్పుడు గురువులు సుత్తితో కొడితే వరహాలు అతుకు మీద అరచెయ్యి ఆనించి ఉండేవాడు. "ఇంకోటి" అంటే ఇంకో దెబ్బ. "కూకుంది" అంటే ఆపేయాలి. కుసి పూర్తిగా లోపలికి దిగిన సంగతి కొట్టేవాడికి తెలియదు, చెయ్యి ఆనించినవాడికే తెలుస్తుంది.

పేరు మాత్రం గురువులుకే వచ్చింది. బెజ్జం కొట్టడం బలం కనబడే పని, దెబ్బ వినబడే పని. రంపం కోత ఎవరు చూస్తారు. తమ్ముడు అలా వేలు పెట్టి చూడటం గురువులుకు నవ్వులాటగా ఉండేది.

"ఏటెతుకుతున్నావురా అందులో, ఉంగరం గానీ జారిపోనాదా?" అనేవాడు నలుగురి ముందూ. వరహాలు ఆయాసంతోనే నవ్వి ఊరుకునేవాడు.

ఒక చలికాలం వరహాలుకు ఆయాసం ముదిరి మంచం దిగలేకపోతే, కుసులు కొయ్యడానికి గుడారి ఊరి నుంచి ఒక మనిషిని పిలిపించారు. అతను కోసిన కుసులు గురువులు బెజ్జాల్లో వదులుగా ఆడాయి. గీత కనబడదా నీకు, కళ్లద్దాలు కొనుక్కో అని గురువులు ఇంటివాళ్ల ఎదురుగానే అతన్ని కడిగేశాడు. ఆ మనిషి రంపాన్ని తువ్వాల్లో చుట్టుకుని బస్సెక్కి పోయాడు. నా బెజ్జానికి మా తమ్ముడి కుసి తప్ప ఇంకోటి పనికిరాదు అని గురువులు చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాడు.

పోయిన వానాకాలంలో వరహాలుకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. అది తలకెక్కి, ఆస్పత్రికి చేర్చేలోపే మాట పడిపోయింది. మూడో రోజుకు మనిషి లేడు.

ఆ తరవాత గురువులు కుసులు తనే కోద్దామని కూర్చున్నాడు. రంపం గీత మీద నిలబడలేదు. ఇన్నేళ్లూ తవ్వడం తప్ప కొయ్యడం ఎరగని చెయ్యి అది. ఇంకొకణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవడానికి మనసొప్పలేదు. చివరికి బజారువీధిలో సోమేశ్వరరావు ఫర్నిచర్ షాపులో కూలికి కుదిరాడు. సోమేశ్వరరావుది సాలూరు నుంచి వచ్చిన వ్యాపారుల కుటుంబం. మాట దురుసుగానీ మనసు మెత్తన. ఆయన విశాఖపట్నం నుంచి కొత్తగా ఒక చేతిమిషన్ తెప్పించాడు.

చూడ్డానికి గ్రైండర్ లాగే ఉంటుంది. ముక్కును చెక్కకు ఆనించి ముందుకు నొక్కితే, లోపలి ముల్లు గిర్రున తిరుగుతూనే అటూ ఇటూ ఊగి, కోలగా ఒక బెజ్జం తొలిచేస్తుంది. ఎంత లోతు కావాలో, అంచు నుంచి ఎంత దూరం కావాలో ముందే మరలు తిప్పి పెట్టుకోవచ్చు. నూరు బెజ్జాలు తొలిచినా నూరూ ఒక్కలాగే వస్తాయి. దానికి కుసితో పని లేదు. రెండు చెక్కలకీ బెజ్జాలే. మధ్యలో పెట్టే కొయ్యబిళ్లలు డబ్బాలో తయారుగా వస్తాయి. జిగురు రాసి అటు సగం, ఇటు సగం దూర్చి నొక్కేస్తే అతుకు అయిపోయినట్టే.

రెండు రోజుల్లో గురువులు చెయ్యి దానికి అలవాటు పడింది. తోడు పోయిన మనిషి కోసమే దీన్ని చేసినట్టుందే అనిపించింది ఒకసారి. ఆ ఆలోచన వచ్చిన రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

వరహాలు ఇంటి పెరటి గుమ్మానికి తలుపు లేదు. ఓ ఇనప రేకును తీగతో కట్టి ఉంచారు. ఊరందరికీ తలుపులు, మనకి రేకు అని అతని భార్య బుల్లి ఏళ్ల తరబడి దెప్పితే, జ్వరానికి ముందటి ఎండాకాలం వరహాలు ఏగిస చెక్క తెచ్చాడు. నిలువు చెక్కలకూ అడ్డచెక్కలకూ ఒక్క కొలతతో గీతలు గీశాడు. అన్నయ్య అప్పుడు నారాయణపట్నలో వేరే పని మీద ఉన్నాడు. ఆయన వచ్చేదాకా ఆగకుండా, ఎప్పుడూ లేనిది, బెజ్జాలకంటే ముందే కుసులు కోసేశాడు. మూడు అడ్డచెక్కలు, ఆరు కుసులు. వాటిని గోనెలో చుట్టి మంచం కింద పెట్టాడు. అంతలోనే జ్వరం వచ్చింది.

మళ్లీ మబ్బులు పట్టే రోజులొచ్చాక బుల్లి షాపు దగ్గరికి వచ్చింది. సంవత్సరీకం దగ్గరపడుతోంది, రేకు కింది నుంచి నీళ్లు ఇంట్లోకి వస్తున్నాయి అని చెప్పింది. అసలు మాట ఆ తరవాత అంది.

"ఆ తలుపు బిగించి ఇద్దురూ బావగారూ. ఆయన సేత్తో సేసింది ఇంట్లో అదొక్కటే మిగిలింది."

గురువులు ఆదివారం వస్తానన్నాడు. తమ్ముడి ఆఖరి పనికి తన వల్ల మచ్చ రాకూడదని ఆయన పట్టుదల. వయసు మీదపడ్డ చేతిని నమ్మాలనిపించలేదు. ఒక్క రోజుకి మిషన్ ఇమ్మని సోమేశ్వరరావును అడిగాడు.

"అట్టుకెళ్లు," అన్నాడాయన. "తప్పు సెయ్యడం దానికి రాదు గురువులూ. ఏదన్నా తేడా వొస్తే అది నీదే అవుతాది."

ఆదివారం పొద్దున్నే పెరట్లో నిలువు చెక్కను పడుకోబెట్టి, గురువులు వరహాలు గీసిన గీతల్ని వేలితో తుడిచాడు. ఏడాదైనా చెరగలేదు. ఒక గీత వెంట మిషన్‌ను నడిపి, మళ్లీ రెండో గీత వెంట నడిపి, చెక్క తిప్పి అవతలి అంచు నుంచీ అలాగే చేశాడు. గుండ్రంగా వచ్చిన మూలల్ని ఉలితో చదరం చేశాడు. పొట్టు ఊదేసి చూస్తే బెజ్జం అద్దంలా ఉంది. అటూ ఇటూ గీతలు చెక్కుచెదరలేదు.

అడ్డచెక్క తెచ్చి కుసిని పెట్టాడు. పట్టలేదు. అంచు దగ్గరే ఆగిపోయింది.

చెమ్మకు ఉబ్బిందేమో అనుకుని ఇంకోటి తెచ్చాడు. అదీ అంతే. ఆరూ చూశాడు, ఆరూ అంతే. తమ్ముడు తప్పు కోశాడు. అప్పటికే ఒంట్లో బాగా లేదేమో, ఎవరికీ చెప్పలేదేమో అనుకున్నాడు. బుల్లి టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తోంది.

కాస్త ఆకురాయితో అరగదీస్తే దిగుతుంది. ఎంత తియ్యాలో చూద్దామని కుసి కొసను వెలుగుకు తిప్పాడు. కొస మీద వరహాలు గీతలు రెండూ నిండుగా ఉన్నాయి. ఆ గీతలకు అవతల, రెండు పక్కలా, నూలుపోగు మందాన చెక్క మిగిలి ఉంది. రంపం జారితే ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా అవుతుంది. ఇక్కడ ఆరింటికీ ఒకే మందం. ఇది జారడం కాదు. వరహాలు కావాలనే వదిలాడు.

గురువులు ఒక తుక్కు చెక్క తీసి, దాని మీద అవే గీతలు గీసి, సంచీలోంచి తన పాత ఉలి తీశాడు. ఎప్పుడూ కొట్టినట్టే బెజ్జం కొట్టాడు. అందులో కుసి పెడితే చేత్తోనే సగం దాకా వెళ్లింది. ఒక్క దెబ్బకు బిగువుగా దిగిపోయింది, ఇన్నేళ్లూ దిగినట్టే. దాన్ని ఊడబెరికి బెజ్జం చూశాడు. గీతలు లేవు. రెండు పక్కలా ఉలి వాటిని తినేసింది.

పుట్టి బుద్ధెరిగి మొదటిసారి ఆయన తన బెజ్జంలో చిటికెన వేలు పెట్టాడు. మిషన్ తొలిచినదానిలోనూ పెట్టాడు. మళ్లీ తనదానిలో పెట్టాడు.

గుడారి మనిషి తువ్వాలు గుర్తొచ్చింది. అతను గీత మీదే కోశాడు.

"అమ్మీ," అన్నాడు తలెత్తకుండా, "వరహాలు నా పని గురించి ఎప్పుడన్నా ఏటన్నా అన్నాడా?"

"ఏటంటారు బావగారూ. ఇంట్లో ఎంతసేపూ మీ గొప్పే. అన్నయ్య బెజ్జంలో ఏలెడితే సాలు, నాకు టేపక్కర్నేదు అనీవోరు." బుల్లి టీ గ్లాసు ఆయన పక్కన పెట్టి, భయపడుతున్నట్టు అడిగింది. "ఏం, ఆయన ఏదన్నా తప్పు కోసేరా?"

"లేదమ్మీ. తప్పు ఆడిది కాదు."

గురువులు ఆకురాయిని దూరంగా పెట్టేశాడు. మిషన్‌ను తుడిచి పెట్టెలో సర్దాడు. ఉలి పట్టుకుని, మొదటి బెజ్జం అంచున మెరుస్తున్న గీతను అటూ ఇటూ తనే తీసేశాడు. మిగతావన్నీ చేత్తోనే కొట్టాడు. జీవితమంతా తెలియక చేసిన తప్పును ఇప్పుడు తెలిసి చెయ్యాల్సి వచ్చింది. మధ్యలో రెండుసార్లు ఉలి కింద పెట్టి లేచి పెరడంతా తిరిగొచ్చాడు.

మధ్యాహ్నం దాటేసరికి ఐదు కుసులు దిగాయి. ఆరోది బెజ్జంలో సగం దాకా నిలబెట్టి, గురువులు సుత్తి పట్టుకుని ఆగిపోయాడు. ఇది దిగితే వరహాలు కోసిన కుసి ఇంకెక్కడా మిగలదు. కొండల మీద మబ్బు నల్లబడింది. మొదటి చినుకులు రేకు మీద టపటపమన్నాయి.

"కొట్టండి బావగారూ, తడిసిపోతాది," అంది బుల్లి.

"నువ్వొచ్చి సెయ్యి ఆనించాలి. ఇక్కడ, అతుకు మీద."

ఆమె చెంగుకు చెయ్యి తుడుచుకుని ఆనించింది. గురువులు కొట్టాడు. కొట్టి, ఎప్పటిలాగే ఆగి చూశాడు. ఆమె ఏమీ అనలేదు. ఏమనాలో ఆమెకు తెలియదు. ఇంకోసారి కొట్టాడు. మళ్లీ ఆగాడు.

"నాకేటి తెలుస్తాది బావగారూ," అంది బుల్లి, కళ్లు తుడుచుకోడానికి చెయ్యి తియ్యబోయి, తియ్యకుండా.

"తెలుస్తాదమ్మీ. ఉంచు."

మూడో దెబ్బ కొట్టాడు. బుల్లి చెయ్యి అలాగే ఉంచి, చెవి పెట్టి వింటున్నట్టు తల వంచింది. కాసేపటికి మెల్లగా అంది.

"ఇంక కదల్నేదు."

గురువులు సుత్తి కింద పెట్టాడు. కుసుల కొసలు నిలువు చెక్క అవతలి అంచున కాస్త బయటికి వచ్చి ఉన్నాయి. వాటిని చిత్రిక పట్టి చదును చేయడం ఆనవాయితీ. ఆయన చెయ్యలేదు. తలుపును వాన తగలకుండా చూరు కిందికి జరిపి, ఆ కొసల మీద ఉన్న వరహాలు గీతల్ని తువ్వాలుతో తుడుస్తూ కూర్చున్నాడు.