కనురెప్పల నలుపు

డెబ్బైలలో మాట. అప్పుడు మేం గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్లో ఉండేవాళ్లం. మా ఆయన దగ్గు ఎంతకీ తగ్గకపోతే, ఎవరికీ తెలియకుండా ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్దామనుకున్నాం.

"బొగ్గుబాయి పనని చెప్పొద్దు. జబ్బని తెలిస్తే డ్యూటీల నుంచి తీసేస్తరు. సేద్యమని చెప్త," అన్నాడు.

నేను ఆయనకు కుంకుడుకాయలతో తలంటి పోశాను. గనిలో దిగేవాళ్ల కనురెప్పల అంచున బొగ్గు కాటుకలా నిలిచిపోతుంది. దాన్ని కొబ్బరినూనె గుడ్డతో తుడిచాను. ఉతికిన ధోవతి కట్టించాను.

"ఏం పని చేస్తావు?" అని డాక్టరు అడిగాడు.

"సేద్యం సారూ," అంటుండగానే ఆయనకు దగ్గు తెర వచ్చింది. డాక్టరు అందించిన తెల్ల తువాలు మీద నల్లటి కఫం పడింది. సిగ్గుతో నా తల వాలిపోయింది.

డాక్టరు కోప్పడలేదు. "దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. దీన్ని తీసే మందు లేదు. గనిలోకి దిగడం మానెయ్యి," అన్నాడు.

"మానేస్తే క్వార్టర్ ఖాళీ చెయ్యాలె సారూ. పిల్లలను యాడ ఉంచాలె?"

మర్నాడు మా ఆయన మొదటి షిఫ్టుకు పోయాడు.

కొన్నేళ్లకు ఆయనకు చివరి స్నానం చేయిస్తూ, ఆనాటిలాగే కనురెప్పలు తుడవాలని కొబ్బరినూనె గుడ్డ అందుకున్నాను. ఇంకెవరి దగ్గర దాచాలి? ఆ నలుపుతోనే పంపించాను.