పిన్నమ్మ కాగు

మా పిన్నమ్మ పోయిందన్న కబురు పాకాల నుంచి పొద్దున బండికి వచ్చిన, ఆమె పక్కింటాయన తెచ్చాడు. గుమ్మంలో నిలబడి, మఫ్లరు కూడా విప్పకుండా, నిమ్ము చేసిందమ్మా, తెల్లారేసరికి ఊపిరి ఆగిపోయింది అన్నాడు. ధనుర్మాసం సగం కూడా కాలేదు. కూర్చుని ఏడ్చే ఓపిక నాకప్పుడు లేకపోయింది. ఆఫీసుకు సెలవు చెప్పి, తిరుపతి స్టేషన్లో బొగ్గింజను బండెక్కి కూర్చున్నాను. చలికాలాన్ని ఇంతమంది చేత దాటించిన మనిషి, తను మాత్రం దాటలేకపోయింది. దారి పొడుగునా నాకు అదే కోపం.

హైస్కూలు చదువంతా నేను పిన్నమ్మ ఇంట్లోనే ఉండి చదువుకున్నాను. మా చిన్నాయన అక్కడి పెరుమాళ్ళ గుడిలో పాశురాలు చదివేవారు. గొంతు గట్టిది, గుండె మెత్తనిది, రొమ్ము మాత్రం వట్టి ఉబ్బసపు రొమ్ము. మంచు దిగితే చాలు, పిల్లికూతలు మొదలయ్యేవి. ఆ మంచులోనే, ఆ ధనుర్మాసంలోనే, తెల్లవారకముందే తలస్నానం చేసి గుడికి పోవాలి. అదీ చన్నీళ్ళతో. వాళ్ళ నాయన అట్లాగే చేశాడు, తాత అట్లాగే చేశాడు.

నేను వాళ్ళింటికి రాకముందు ఒక ఏడు ఆయనకు ఊపిరందక, కాట్పాడి బండిలో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకుపోయారట. చన్నీళ్ళు ముట్టవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. ఇంటికొచ్చాక ఈయన, పెరుమాళ్ళ ముందర నిలబడేవాడు కాచిన నీళ్ళు పోసుకుంటాడా అని ఒక్క మాటతో కొట్టేశారు. పిన్నమ్మ వాదించలేదు. వాదించి గెలిచే ఓపిక ఉంటే ఇంకో పని చేసుకోవచ్చని ఆమె లెక్క.

రాత్రి తోడిపెట్టిన నీళ్ళు దొడ్లో ఇత్తడి గంగాళంలో ఉండేవి. తెల్లవారుజామున ఆయన లేవకముందే, పొయ్యి మీది కాగులో మరిగిన నీళ్ళన్నీ అందులో కుమ్మరించి, ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వచ్చేసేది. ఆయన స్నానం చేసి వచ్చి, నీళ్ళు ఇంత గోరువెచ్చగా ఉన్నాయేమే అని ఒకసారి అడిగారు.

“ఇత్తడి గంగాళం గదా, చలి పట్టదు” అంది పిన్నమ్మ, తల తిప్పకుండా పొంగలి కలుపుతూ.

చలికి మొదట చల్లబడేది ఇత్తడే అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. చిన్నాయన సరేనన్నారు. మరి పొయ్యి మీద కాగు ఎందుకు అంటే, నాకు చలి, నేను వేడినీళ్ళు లేకుండా పోసుకోలేను అని చెప్పేది. ఆడవాళ్ళకు ఆ మాత్రం వెసులుబాటు ఉండాలని ఆయనా ఒప్పుకున్నారు.

అసలు సంగతి నాకు ఒక్కదానికే తెలుసు. గుడికి పొంగలి మడిగా వండాలి. మడి కట్టుకోకుండా పొయ్యి ముట్టుకోకూడదు. కాబట్టి ఇంట్లో అందరికంటే ముందు స్నానం ఆమెది. అప్పటికి పొయ్యే వెలగలేదు, ఇంక వేడినీళ్ళెక్కడివి? మంచులో పెట్టిన బకెట్టు నీళ్ళు పోసుకుని, తడి చీర చుట్టుకుని, పళ్ళు టకటక కొట్టుకుంటుంటే నిప్పు రాజేసేది. ఒకరోజు చూసి అడిగితే, “మీ చిన్నాయనకు చెప్పబాక. తెలిస్తే ఆయనా వేన్నీళ్ళు మానేస్తాడు” అంది.

ఆ నెలంతా ఆ ఇంట్లో మనుషులకంటే మందులే ఎక్కువ తిరిగేవి. మిరియాల చారు, శొంఠి కాఫీ, పసుపు కొమ్ము కాల్చిన పొగ, రాత్రి వీపుకి వేయించిన ఉప్పు మూట కాపడం. నా చెవుల్లో దూది పెట్టి, తీస్తే చెవి మెలేసేది. మా పక్కింటి పిల్లకు దగ్గు వచ్చినా ఈమె దగ్గరికే తెచ్చేవాళ్ళు. ఇన్ని చేస్తూ కూడా విసుక్కునేది. ఇంకా ఎన్ని రోజులుండాదే ఈ నెల అని కేలెండరు వంక చూసి నిట్టూర్చేది. చలిని తిట్టుకుంటే మాత్రం ఒప్పుకునేది కాదు. “చలి సుట్టం లాంటిది. తిడితే పోతాదా? ఇంత పెట్టి సాగనంపాల” అనేది.

తన దగ్గు సంగతి ఎత్తితే, పొయ్యి పొగలే, దానికి మందేముంది అని తోసేసేది. మేమూ నమ్మాం. వంటింట్లో దగ్గే ఆడమనిషి దగ్గు ఎవరికి మాత్రం దగ్గులా వినిపిస్తుంది?

కర్మకాండ మొదలైన మరునాడు నేను చీకటితోనే లేచాను. అలవాటు కొద్దీ చిన్నాయన లేస్తారని తెలుసు. మైల కాబట్టి గుడికి పోయే పని లేదు, స్నానం మాత్రం తప్పదు. పొయ్యి రాజేసి కాగు పెట్టాను. కట్టెలు తడిసి ఉన్నాయి, కళ్ళు మండాయి. నీళ్ళు కాగాక గంగాళంలో పోస్తుంటే వెనక అలికిడయింది. ఆయన ఆ వేళకు దొడ్లోకి రావడం నేనెప్పుడూ చూడలేదు.

“పోయమ్మా. ఆమె కలిపేదని నాకు మొదటి నాడే తెలుసు” అన్నారు. “ఇత్తడంట, చలి పట్టదంట.”

నవ్వబోయి దగ్గారు. తరువాత నా చేతిలో బోర్లా ఉన్న కాగు వంక చూశారు.

“కాగులో ఉండేది అంతేనా?”

“అంతే చిన్నాయనా.”

“మరి మీ పిన్నమ్మకో?”

అబద్ధమాడాలనిపించింది. అలసిపోయి ఉన్నాను, కల్పించే ఓపిక లేదు. ఆమె ముందే పోసుకునేదని, అప్పటికి పొయ్యి వెలిగేది కాదని చెప్పాను.

ఆయన చాలాసేపు ఆ కాగు వంకే చూశారు. ఇన్నేళ్ళూ అందులో ఇద్దరికీ సరిపడా నీళ్ళు ఉంటాయనుకున్నారు కాబోలు. తరువాత గంగాళం దాటి, బావి పక్కన రాత్రి తోడి ఉంచిన బకెట్టు దగ్గరికి పోయి కూర్చున్నారు. వద్దు చిన్నాయనా అని చెయ్యి పట్టుకున్నాను. మెల్లగా విడిపించుకున్నారు.

“ఒక్క సెంబేనమ్మా. ఎట్లుండేదో నాకూ తెలియాల గదా.”

చెంబు ముంచి నెత్తిన పోసుకున్నారు. ఊపిరి బిగబట్టి, రెండు చేతులూ రొమ్ముకు కట్టుకుని, వణుకుతూ అట్లాగే కూర్చుండిపోయారు. నేను తువ్వాలు కప్పి ఆయన వీపు రాస్తూ ఉన్నాను. మా పక్కనే గంగాళంలో వేడినీళ్ళు, ఎవరూ ముట్టుకోక, పొగలు కక్కుతూ ఉన్నాయి.